పాతదాని లోపల కొత్తది

మేస్త్రి ఇంటికి మెట్లు పద్దెనిమిది. పైన కాపురం, కింద పంపులు బాగుచేసే షాపు. ఈ మధ్య ఆ పద్దెనిమిది మెట్లు దిగడానికి ఆయనకు నాలుగు నిమిషాలు, ఎక్కడానికి తొమ్మిది నిమిషాలు పడుతోంది. దారిలో ఎవరైనా చూస్తే గోడ వెంట పోయే నీళ్ళ పైపుని వేలితో తట్టి, ఏదో పరీక్షిస్తున్నట్టు తల పంకించేవాడు. డెబ్బై రెండేళ్ళ పంపుల మేస్త్రి పైపుని తట్టి చూస్తే ఎవరికి అనుమానం వస్తుంది? భార్యకి వచ్చింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆవిడ. "పోయిన ఏడే కదా ఆ పైపు మార్చింది. రోజూ ఏం చూస్తారు దాంట్లో?" అని ఆయన్ని లాక్కెళ్ళి డాక్టరు ముందు కూర్చోబెట్టింది. అలా బయటపడింది గుండెలో వాల్వు సంగతి.

పరీక్షలన్నీ అయ్యాయి. ఇవాళ పెద్ద డాక్టర్లు ఇద్దరూ కూర్చుని ఏం చెయ్యాలో చెప్తామన్నారు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, బొత్తాలు పెట్టుకుంటూ కిటికీలోంచి కిందకి చూశాడు.

"నీ కూతురికి చెప్పు. షట్టరు సగమే ఎత్తింది. చీకట్లో పని చేస్తే కళ్ళు పోతాయి."

భార్య టీ గ్లాసు బల్ల మీద పెట్టి మెట్ల దగ్గరికి నడిచింది. "ఏమే నట్టూ! షట్టరు పూర్తిగా ఎత్తమంటున్నారు మీ నాన్న."

"ఎండ మొహం మీద కొడుతోంది, ట్యూబులైటు వేసుకున్నానని చెప్పు," అని కింద నుంచి జవాబు.

"ట్యూబులైటు వేసుకుందట."

"నాకు వినబడింది."

"వినబడితే మరి నన్నెందుకండీ మధ్యలో తిప్పడం? నేనేమన్నా టపా మోసేదాన్నా?"

ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఇదే వరస. తండ్రీ కూతుళ్ళకు మాటల్లేవు. చిన్నప్పుడు లంగా జేబు నిండా నట్లు పోసుకుని తిరిగేది కాబట్టి ఆ అమ్మాయికి నట్టు అని పేరు పడింది. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. పక్క వీధిలో కాపురం, ఉదయం ఎనిమిదికల్లా షాపులో హాజరు. పని మొత్తం తండ్రి దగ్గరే నేర్చుకుంది. మొండితనం కూడా అక్కడిదే. తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనుషులు ఇద్దరు ఒక షాపులో ఉంటే ఎన్నాళ్ళని సాగుతుంది?

గొడవ మొదలైంది ఒక లాండ్రీలో. ఆ లాండ్రీ సెల్లార్లో, నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వు ఒకటి గోడలో పూడుకుపోయిన పైపులో ఉంది. అది చెడింది. మేస్త్రి పద్ధతిలో అయితే గోడ పగలగొట్టాలి, పాత వాల్వు పీకాలి, అది కూర్చున్న చోటు గీకి శుభ్రం చెయ్యాలి, అప్పుడు కొత్తది బిగించాలి. రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ లాండ్రీ మూత. నట్టు అలా చెయ్యలేదు. పైపు చివర ఉన్న మూత విప్పి, పాత వాల్వు లోపలే చిన్న సైజు కొత్త వాల్వు కూర్చోబెట్టి, పూటలో పని తేల్చేసింది. నీళ్ళు చక్కగా ఆగాయి. లాండ్రీ యజమానురాలు సంబరపడిపోతుండగా మేస్త్రి దిగాడు.

"పాతది తియ్యకుండా కొత్తది పెట్టడం పనంటారా? ముక్కు తుడవకుండా పౌడరు రాయడం అది!" అని అరిచాడు. యజమానురాలు, ఇస్త్రీ చేసేవాళ్ళు, బట్టలు తెచ్చినవాళ్ళు అందరూ చేతిలో పని ఆపి చూశారు. నట్టు మొహం ఎర్రబడింది. "నీ కాలం అయిపోయింది నాన్నా. ఇంక షాపుకి రాకు," అంది.

ఆయన రాలేదు. మర్నాటి నుంచి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని, షాపు వైపు చూడనట్టు చూస్తూ ఎనిమిది నెలలు గడిపాడు.

*

ఆసుపత్రికి ముగ్గురూ వెళ్ళారు. ఆటోలో తల్లి మధ్యలో కూర్చుంది. ఇంకెక్కడ కూర్చోగలదు?

డాక్టర్లు ఇద్దరు. ఒకాయన ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసే సర్జను, పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడతాడు. ఇంకొకావిడ రక్తనాళంలోంచి తీగలాంటి గొట్టం పంపి పని చేసే డాక్టరమ్మ, పొట్టిగా, చకచకా. మేస్త్రి కూర్చున్న అయిదు నిమిషాల్లోనే వాళ్ళకు మనసులో పేర్లు పెట్టేశాడు: కోత డాక్టరు, తీగ డాక్టరమ్మ.

డాక్టరమ్మ బల్ల మీదున్న ప్లాస్టిక్ గుండెని విప్పి చూపించింది. "గుండెలోంచి రక్తం ఒంట్లోకి పోయే దారిలో ఈ వాల్వు ఉంటుంది. మూడు రేకులు. మీకు వాటి మీద సున్నం పేరుకుని రాయిలా బిగుసుకుపోయాయి. బొటనవేలు పట్టేంత తెరుచుకోవాల్సింది, చిటికెనవేలు కూడా పట్టనంత తెరుచుకుంటోంది. అందుకే ఆయాసం."

"సున్నం పట్టిందన్నమాట," అన్నాడు మేస్త్రి, తెలిసిన సంగతే అన్నట్టు.

"కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం లాంటివి ఏమన్నా ఉన్నాయా?"

"నాకా? లేవు."

కోత డాక్టరు అందుకున్నాడు. "దీనికి మందుల్లేవండీ, వాల్వు మార్చాల్సిందే. రెండు దారులు. ఒకటి, ఛాతీ తెరిచి, గుండెని కాసేపు ఆపి, పాత వాల్వు కోసి తీసేసి, అక్కడ కొత్తది కుట్టడం. అది నేను చేస్తాను. రెండోది ఈవిడ చేస్తారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టంలో, మడతపెట్టిన వాల్వుని గుండె దాకా పంపి, పాతదాని లోపలే విప్పుతారు."

"పాతది తియ్యరా?"

"తియ్యరు. అది చుట్టూ అణిగిపోతుంది."

"లోపలే వదిలేస్తారా?"

"అవును."

మేస్త్రి మెడ తిప్పి కూతురి వైపు చూశాడు. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. నట్టుకి లోపల ఒక్క క్షణం గెలిచినట్టే అనిపించింది. అంత పెద్ద డాక్టర్లు చేసేదీ తన పద్ధతే! ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి తల దించుకుంది.

"కోతే," అన్నాడు మేస్త్రి డాక్టర్ల వైపు తిరిగి.

కోత డాక్టరు కళ్ళజోడు తీశాడు. "చూడండీ, కోసేవాణ్ని నేను. కోత వద్దని చెప్తున్నదీ నేనే. నలభై ఏళ్ళు గ్రైండరు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు మీవి. కోస్తే గుండె బాగవుతుంది. కానీ ఆపరేషన్ తరవాత ఊపిరి యంత్రం మీంచి మిమ్మల్ని బయటికి తీసుకొస్తానని మాటివ్వలేను."

"మీరు కుట్టండి. బతికే సంగతి నేను చూసుకుంటా."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. వారంలోపు ఏదో ఒకటి తేల్చుకోమని, అంతకు మించి ఆగడం మంచిది కాదని చెప్పి పంపించారు.

*

రెండు రోజులు ఆ ఇంట్లో ఎవరికీ భోజనం సయించలేదు. తల్లి బతిమాలింది, ఏడ్చింది, చివరికి కోపం తెచ్చుకుంది. "కోసే ఆయనే వద్దు మొర్రో అంటుంటే మీకెందుకండీ అంత సరదా?"

"పాతదాన్ని లోపల ఉంచుకుని కొత్తదాన్ని పెట్టించుకోమంటావా? నలభై ఏళ్ళు నేను పక్కవాడి ఇంట్లో చెయ్యనివ్వని పని నా గుండెలో చెయ్యనిస్తానా?"

"అది గుండె. పంపు కాదు."

"గుండె పంపు కాదని ఏ డాక్టరన్నాడు?"

నిజమే. ఏ డాక్టరూ అనలేదు కదా.

మూడో రోజు ఉదయం ఆయనే భార్యని పిలిచాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాత్రంతా ఆలోచించినట్టు కళ్ళు లోతుకు పోయాయి.

"నీ కూతురు ఆ లాండ్రీలో పెట్టింది కదా, పాతదాని లోపల కొత్తది. ఎనిమిది నెలలైంది. అది ఇంకా కదలకుండా ఆగి ఉందేమో కనుక్కో. ఆగి ఉంటే నా నోరు నేనే మూసుకుని ఆ తీగ పని చేయించుకుంటా. ఆగకపోయి ఉంటే కోతే. ఇంక నన్ను అడగొద్దు."

"అంతేనా?"

"అంతే. మాటంటే మాటే."

ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని పద్దెనిమిది మెట్లూ పద్దెనిమిది సెకన్లలో దిగింది. షాపులో నట్టు ఒక పంపు పొట్ట విప్పి, కింద గుడ్డ పరిచి, వాషర్లు వరసగా పేరుస్తోంది.

"ఒప్పుకున్నారే! మీ నాన్న ఒప్పుకున్నారు! నువ్వా లాండ్రీలో పెట్టింది ఆగితే తీగ పని చేయించుకుంటారట. వెళ్ళి ఆగిందని చెప్పు, పద."

నట్టు చేతిలోని వాషరు కింద పెట్టలేదు. తల ఎత్తలేదు.

"ఏమే?"

"అది ఆగలేదమ్మా."

తల్లి మొహంలో వెలుగు అలాగే ఉంది, మాట ఇంకా లోపలికి దిగలేదు. నట్టు మెల్లగా చెప్పుకొచ్చింది. మూడో నెలలో వాల్వు జారిపోయింది. సెల్లార్లో మోకాలి లోతు నీళ్ళు. యజమానురాలు ఫోన్ చేస్తే, శని, ఆదివారాలు ఎవరూ లేనప్పుడు వెళ్ళి, గోడ పగలగొట్టి, పాతది పీకి, అక్షరాలా తండ్రి పద్ధతిలోనే మళ్ళీ బిగించి వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని యజమానురాలి చేతులు పట్టుకుంది.

తల్లి స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపటికి చీర కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించింది.

"సరే. అయింది అయింది. వెళ్ళి ఆగిందని చెప్పు."

"అమ్మా!"

"ఒక్క మాటే తల్లీ. ఆగింది. మూడక్షరాలు. నీ సొమ్మేం పోయింది?"

"అబద్ధం మీద ఆయన్ని ఆపరేషన్ బల్ల ఎక్కించమంటావా?"

"అబద్ధం మీద ఎక్కినా నిజం మీద ఎక్కినా నాకొకటే. దిగితే చాలు."

"పనిలో అబద్ధం చెప్పకూడదని నాకు నేర్పింది ఆయనేనమ్మా."

"ఓహో! మరి అయిదు నెలలుగా నువ్వు దాచిపెట్టిందేంటి, పూలదండా?" ఆవిడ లేచి నిలబడింది. "నిజం చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. చెప్పకూడనప్పుడు చెప్తానంటావు. ఆయన కోతకి వెళ్ళి తిరిగి రాకపోతే, ఆ నిజాన్ని నువ్వేం చేసుకుంటావో చేసుకో. నాకు మాత్రం మొహం చూపించకు."

ఆవిడ పైకి వెళ్ళిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయాక కూడా నట్టు అలాగే కూర్చుంది. తల్లి అన్నదాంట్లో తప్పేమీ లేదు. అబద్ధం చెప్తే తండ్రి బతకడానికి దారి ఉంది. నిజం చెప్తే ఆయన మాట మీద నిలబడే మనిషి, కోతకే వెళ్తాడు. అసలు ఎనిమిది నెలల కింద తను రెండు రోజులు ఓపిక పట్టి గోడ పగలగొట్టి ఉంటే ఈ చిక్కే లేదు.

మధ్యాహ్నం షట్టరు దించేసి ఆసుపత్రికి వెళ్ళింది.

*

డాక్టరమ్మ భోజనానికి లేవబోతూ మళ్ళీ కూర్చుంది. "చెప్పండి."

"నేను పంపులు బాగుచేస్తానండీ. ఒకటే అడగాలని వచ్చాను. పాతదాని లోపల కొత్తది పెడితే అది ఎలా ఆగుతుంది?"

డాక్టరమ్మకి ఆ ప్రశ్న నచ్చింది. కాగితం తీసుకుని బొమ్మ గీసింది. "పాతది రాయిలా గట్టిపడింది కాబట్టే ఆగుతుంది. కొత్తదాన్ని పట్టుకునేది ఆ సున్నమే. పాతది మెత్తగా ఉంటే నేనే ఈ పని వద్దంటాను, పట్టు దొరకదు."

నట్టుకి లాండ్రీ పైపు గుర్తొచ్చింది. పాత వాల్వు ఒళ్ళంతా తుప్పు. పీకి తీశాక గోకితే పొరలు పొరలుగా రాలింది. కొత్తది పెట్టిన రోజు మాత్రం దాన్ని గోకి కూడా చూడలేదు తను.

"కొలత ఎలా తీస్తారు?"

"స్కాన్లో. అది పూర్తిగా గుండ్రంగా ఉండదు, ఎవరికీ ఉండదు. అందుకని అడ్డం, పొడవు, చుట్టుకొలత అన్నీ తీస్తాం. చిన్నది పెడితే పక్కనుంచి కారుతుంది, జారిపోవచ్చు. పెద్దది పెడితే గోడ చిరుగుతుంది. మీ నాన్నగారి కొలతలకే రెండు రోజులు కూర్చున్నాను. పెట్టడం గంట పని."

"మీకెప్పుడైనా జారిందా?"

"ఒకసారి జారింది," అంది డాక్టరమ్మ వెంటనే. "కొన్ని వందల్లో ఒకటి. వెంటనే ఛాతీ తెరిచి తియ్యాల్సొచ్చింది. ఆవిడ బతికింది, కానీ నాలుగు నెలలు కష్టపడింది."

నట్టు ఆవిడ మొహంలోకి చూసింది. "అంత తేలిగ్గా ఎలా చెప్పేశారండీ?"

"మీరు అడిగారు కదా."

*

సాయంత్రం అయిదింటికి నట్టు మెట్లెక్కి పైకి వచ్చింది. తండ్రి కిటికీ దగ్గరే ఉన్నాడు. వంటగది గుమ్మంలో తల్లి నిలబడి, కూతురి కళ్ళలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది, చెప్పకు చెప్పకు అని.

"నాన్నా."

ఆయన భార్య వైపు చూశాడు, అలవాటు కొద్దీ. ఆవిడ మొహం తిప్పేసుకుంది. ఆయన కూతురి వైపు తిరగక తప్పలేదు.

"చెప్పు."

"లాండ్రీలో పెట్టింది ఆగలేదు. మూడో నెలలో జారిపోయింది."

వంటగది గుమ్మంలో ఏదో గిన్నె జారిపడింది. మేస్త్రి కదల్లేదు.

"ఎవరు తీశారు?"

"నేనే. గోడ పగలగొట్టి, పాతది పీకేసి, నువ్వు చెప్పినట్టే చేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు గెలుస్తావని."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ అప్రయత్నంగా ఒక చెవి అటు వేశారు, ప్లగ్గు తడిసిందని ఇద్దరికీ తెలిసిపోయింది. ఆ తరవాత మేస్త్రి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"అయితే కోతే. మాటంటే మాట."

"చూశావా!" తల్లి గదిలోకి వచ్చేసింది. "చంపావు కదే! నిన్ను కని పెంచినందుకు..."

"అమ్మా, ఆగు. నాన్నా, నువ్వూ విను. నా పని ఎందుకు జారిందో అడగవేం? పని చెడితే ముందు ఎందుకు చెడిందో చూడమని నువ్వే కదా చెప్పేది?"

ఆయన కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. "ఎందుకు జారింది?"

"పాతది తుప్పు పట్టి పిండిలా అయిపోయింది. దాని మీద పట్టు ఎక్కడ దొరుకుతుంది? నేను చూసుకోలేదు. సైజు కూడా తేడా వచ్చింది."

"ఎంత తేడా?"

"మూడు మిల్లీమీటర్లు."

"దేంతో కొలిచావు?"

నట్టు నీళ్ళు నమిలింది. "కంటితో."

"కంటితోనా!" మేస్త్రి కుర్చీలోంచి సగం లేచాడు. "కంటితో కొలిచావా! కొలిచే వెర్నియరు షాపులో గోడకి వేలాడుతుంటే? ఎనిమిదేళ్ళప్పుడు నీ చేతికిచ్చాను కదే దాన్ని! జారడం కాదు, అది మూడు నెలలు ఎలా నిలబడిందో నాకు అర్థం కావడం లేదు!" ఆయాసం ముంచుకొచ్చి మళ్ళీ కూలబడ్డాడు. పాతదాని లోపల కొత్తది పెట్టినందుకు ఎనిమిది నెలల కింద వచ్చిన కోపం ఈ కోపం ముందు ఎందుకూ పనికిరాదు.

నట్టు వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "అదే నాన్నా నేను చెప్పేది. తప్పు నాది. నేను తొందరపడ్డాను. ఆ డాక్టరమ్మ నాలా కంటితో కొలవలేదు, రెండు రోజులు కూర్చుంది. నీ పాత వాల్వు తుప్పు కాదు, రాయి. అది రాయిలా ఉంది కాబట్టే కొత్తది దాన్ని పట్టుకుని ఆగుతుంది. ఆవిడని అడిగితే తన చేతిలో ఒకటి జారిన సంగతి కూడా దాచకుండా చెప్పింది. నేను చెడగొట్టిన పనిని చూసి ఆవిడ పనిని కొట్టెయ్యకు." ఆమె ఆయన మోకాలు పట్టుకుంది. "నీ పద్ధతి మంచిదే. దాన్ని తట్టుకునే ఊపిరి నీకిప్పుడు లేదు. నాకు నువ్వు కావాలి నాన్నా. షాపులో ఎవరినడగాలో తెలియక ఎనిమిది నెలలుగా ఎన్ని పంపులు విప్పి అలాగే ఉంచేశానో నీకు తెలుసా?"

మేస్త్రి ఆమె తల వైపు చూశాడు. పాపిట దగ్గర రెండు తెల్లవెంట్రుకలు. ఎప్పుడు వచ్చాయో ఆయనకు తెలియదు.

"నేనూ ఒకటి దాచాను," అన్నాడు.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండు సార్లు స్పృహ తప్పింది. ఒకసారి స్నానాల గదిలో, ఒకసారి మెట్ల మీద. చెప్పులు తెగి కూర్చుండిపోయానన్నాను చూడు, ఆ రోజు. లేచేసరికి ఎంతసేపైందో తెలియలేదు. డాక్టర్లకి చెప్పలేదు. చెప్తే కోతకి పనికిరానంటారని."

"నాతో కూడానా?" అంది భార్య. ఏడుపూ కోపమూ కలిసిపోయాయి. "చెప్పులు తెగాయని కొత్త జత కొనుక్కొచ్చానే నేను!"

"నీతో ఎలా చెప్పను? నువ్వు భయపడతావు."

"ఇప్పుడు భయపడటం లేదనుకుంటున్నారా? ముప్పొద్దులా భయపడుతున్నాను. మీ ఇద్దరిలో ఎవరు ఏది దాచారో తెలియక ఇంకా ఎక్కువ భయపడుతున్నాను!"

ఆవిడ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. తండ్రీ కూతుళ్ళు చెరోవైపు నుంచీ ఆవిడ భుజం పట్టుకున్నారు. ఆవిడ ఇద్దరి చేతులూ విసిరికొట్టి, మళ్ళీ తనే పట్టుకుంది.

*

మర్నాడు మేస్త్రి ఆసుపత్రికి వెళ్ళి, స్పృహ తప్పిన సంగతి చెప్పి, చీవాట్లు తిని, ఆ తరవాత తన కొలతలు చూపించమన్నాడు. డాక్టరమ్మ స్కాను తెర మీద పెట్టింది. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి, అంకెలు ఒక్కొక్కటీ పైకి చదివి, కూతురి చేత కాగితం మీద రాయించాడు. అడ్డానికీ పొడవుకీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల తేడా ఎందుకుందో అడిగాడు. కొత్త వాల్వు ఎంత విచ్చుకుంటుందో, ఎంత దగ్గర ఆగిపోతుందో అడిగాడు. నలభై నిమిషాలు పట్టింది. బయట రోగులు విసుక్కున్నారు.

చివరికి కళ్ళజోడు మడిచాడు. "కంటితో కొలవలేదు మీరు. చెయ్యండి."

సోమవారం ఉదయం చేశారు. తల్లీ కూతుళ్ళు బయట బల్ల మీద కూర్చున్నారు. గంట పని అన్నారు గానీ గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆ చివరి ఇరవై నిమిషాలు తల్లి కూతురి మణికట్టుని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళ గుర్తులు పడ్డాయి. నిజం చెప్పినందుకు తిట్టిన నోటితోనే ఆవిడ, "మంచి పని చేశావే," అంది. ఇంకో నిమిషానికి, "ఏమన్నా అయితే మాత్రం నిన్ను వదిలిపెట్టను," అని కూడా అంది. రెండూ మనసులోంచే వచ్చాయి. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ టోపీ తీస్తూ నవ్వాకే ఆ పట్టు వదిలింది.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ చూడటానికి వచ్చేసరికి మేస్త్రి దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలకు రంగు వచ్చింది. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని, బాగుందంటూ తియ్యబోయింది.

"ఒకసారి మా అమ్మాయికివ్వండి," అన్నాడు ఆయన.

"ఎందుకు?"

"మోటారు మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడికి చెవి పెట్టి, లోపల ఏది అరిగిందో చెప్పేస్తుంది. ఆ చెవి నాకు కూడా లేదు."

డాక్టరమ్మ నవ్వి, గొట్టాలు నట్టు చెవుల్లో పెట్టి, బిళ్ళ ఎక్కడ ఆనించాలో చూపించింది. నట్టు కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు మేస్త్రి. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నట్టు ఇంకాస్త విన్నది. కళ్ళు తెరిచి తల్లి వైపు, డాక్టరమ్మ వైపు చూసింది. "కొట్టుకోవడం బాగుంది నాన్నా. గట్టిగా, ఒకే తీరుగా ఉంది. కానీ కొట్టినప్పుడల్లా చిన్నగా గాలి ఊదినట్టు ఒక చప్పుడుంది."

తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మంచి చెవే," అంది డాక్టరమ్మ. "కొత్త వాల్వులోంచి రక్తం పోయేటప్పుడు ఆ మాత్రం చప్పుడు ఉంటుంది. భయం లేదు. ఎక్కడా కారడం లేదు, నిన్న స్కాన్లో చూశాం."

మేస్త్రి దిండు మీద తల వెనక్కి వాల్చాడు. ఆయన మొహంలో అంత హాయి భార్య ఈ మధ్య కాలంలో చూడలేదు. నట్టు స్టెతస్కోపు తియ్యబోతే, బిళ్ళ పట్టుకున్న ఆమె చేతి మీద తన చెయ్యి వేసి ఆపాడు.

"ఆ రోజు అంతమంది ముందు నీ మీద అలా అరిచి ఉండకూడదమ్మా నేను. విడిగా పిలిచి చెప్పాల్సింది."

బిళ్ళ ఇంకా ఛాతీ మీదే ఉంది. ఆ మాటలు నట్టు చెవుల్లో గింగురుమన్నాయి, వాటి కింద గుండె చప్పుడు ఆగకుండా నడుస్తూనే ఉంది. "నీ కాలం అయిపోయిందని నేనూ అని ఉండకూడదు నాన్నా," అందామనుకుంది. గొట్టాలు చెవుల్లో ఉండగానే ఆయన ఛాతీ పక్కన తల ఆనించి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.